జతగా నూరిన సూదులు

తప్పు తెలిసిన నిమిషంలోనే నేను చెప్పేశానని మా ఫ్యాక్టరీలో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. నాకు శుక్రవారం పొద్దున తెలిసింది. శనివారం మధ్యాహ్నం దాకా నోరు తెరవలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను, దానికి కూడా చెప్పలేదు. ఆ శుక్రవారం పేజీలో నా చేతిరాతతో ఇలా ఉంది: "ఈరోజు కొత్త సూది గురించి క్లాసు జరిగింది. బాగుంది. సాయంత్రం చల్లగాలి వీచింది." అంతే. చల్లగాలి మాట కూడా నిజమో కాదో ఇప్పుడు గుర్తు లేదు.

మా ఫ్యాక్టరీ మహేశ్వరం వైపు, ఒకప్పుడు జొన్నలు పండిన నేలలో వేసిన ఇండస్ట్రియల్ పార్కులో ఉంది. శంషాబాద్‌లో పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే, సగం దూరం వెళ్లేసరికి చేతిలోని పుస్తకంలో ఏడెనిమిది పేజీలు అయ్యేవి. పుస్తకానికి పాత క్యాలెండరు అట్ట వేసేదాన్ని, ఏం చదువుతున్నానో ఎవరూ అడగకుండా. అక్కడ నా పని, నడుము దగ్గర వెన్నులోకి మత్తుమందు ఎక్కించే సూదులను మైక్రోస్కోపు కింద చూడటం. మొన బాగుంటే ఒక పక్క, బాగాలేకపోతే ఇంకో పక్క. రోజంతా అదే.

లోపలికి పోవాలంటే తలకు టోపీ, మొహానికి మాస్కు, ఒంటికి తెల్ల గౌను, చేతులకు గ్లవ్స్. బయటికి కనిపించేవి కళ్లు మాత్రమే. కొందరు ఆ వేషంలో ఊపిరాడటం లేదని మొత్తుకునేవారు. నలుగురిలో మాట్లాడటం చేతకాని నాకు మాత్రం అంత హాయి ఇంకెక్కడా లేదు. కాగితం దుమ్ము రాలుస్తుందని లోపలికి రానివ్వరు కాబట్టి, బస్సులో చదివిన వాక్యాలను మనసులో తిప్పుకుంటూ సూదులు చూసేదాన్ని.

ఆ సూదిని ముట్టుకున్నవాళ్లు తక్కువ. బొటనవేలంత ప్లాస్టిక్ పిడికి జానెడు కన్నా చిన్న ఉక్కు గొట్టం. గుండుసూది కన్నా సన్నం. గొట్టం లోపల చివరిదాకా ఇంకో సన్నని ఉక్కు తీగ ఉంటుంది. సూది గుచ్చేటప్పుడు గొట్టంలో కండ ముక్క ఇరుక్కోకుండా ఆ తీగ అడ్డం ఉంటుంది. వెన్నుపాము చుట్టూ ఉన్న నీళ్లసంచిలోకి మొన చేరిందనుకున్నాక డాక్టరు తీగను లాగేస్తే, పిడిలో ఒక నీటిచుక్క మెరుస్తుంది. అప్పుడు మందు ఎక్కిస్తారు. నడుము కింద అంతా మొద్దుబారుతుంది.

ఈ పని నాకు నేర్పింది మా లైను చూసుకునే అక్క. పాల్మాకుల నుంచి వచ్చేది. పదో తరగతి దాకా చదివింది. నలభై దాటిన మనిషి. మైక్రోస్కోపు కింద చూసిన మొనను మళ్లీ దూది మీద మెల్లగా లాగాలి. కంటికి కనపడని ముల్లు ఏదన్నా ఉంటే దూదిపోగు పట్టుకుంటుంది. కొత్తగా చేరిన రోజు నేను దూది వదిలేసి మైక్రోస్కోపుతోనే సరిపెట్టబోతే అక్క పక్కకు వచ్చి నిలబడింది.

"మైక్రోస్కోపుకు లంచమియ్యొచ్చు పిల్లా, దూదికియ్యరాదు. లాగు" అంది.

ఆ సూదులు ఏం చేస్తాయో నాకు ఫ్యాక్టరీ కన్నా ముందు మా ఇంట్లోనే తెలిసింది. మా వదినకు మొదటి కాన్పు ఆపరేషన్ అయ్యింది. మూడో రోజు నుంచి తలనొప్పి. మామూలు తలనొప్పి కాదు. పడుకుంటే ఉండదు, లేచి కూర్చుంటే భరించలేదు. బిడ్డకు పాలివ్వడానికి లేపితే కళ్లు మూసుకుని గోడకు ఆనుకునేది. చెవుల్లో దూది పెట్టారు, తలకు గుడ్డ కట్టారు, కాఫీ తాపారు.

"పండుకుంటే తగ్గే నొప్పి నేనేడ సూడలే. పని పేరు చెప్తెనే వస్తదేమో" అని అమ్మ వాకిట్లో కూర్చుని గట్టిగానే అనేది.

"అత్తమ్మా, నా తలకాయ జర నీకిస్త, ఒక్క పూట పెట్టుకో. రోట్లేసి దంచినట్టుంటది" అని వదిన లోపల్నుంచి, పడుకునే, జవాబు చెప్పేది.

వారం పట్టింది తగ్గడానికి. సూది గుచ్చినచోట ఆ నీళ్లసంచి పొరకు పడిన రంధ్రం వెంటనే పూడక, లోపలి నీళ్లు బయటికి ఊరుతుంటాయని, అందుకే ఆ నొప్పి అని తర్వాత ఒక నర్సు చెప్పింది. అమ్మ నమ్మలేదు. నేను నమ్మాను. ఆ ఏడాదే ఈ ఉద్యోగంలో చేరాను. నేను చెప్పబోయే రోజులకు వదినకు మళ్లీ తొమ్మిదో నెల. రెండోది కూడా ఆపరేషనే అని డాక్టరు చెప్పేశారు.

అసలు జరిగింది గురువారం. నా ముందు యాభై సూదుల ట్రే ఉంది. పద్ధతి ఏమిటంటే, ఒక సూదిలోంచి తీగ తీయాలి, రెండూ చూడాలి, ఆ తీగను ఆ సూదిలోనే పెట్టాలి, తర్వాతే ఇంకోదాన్ని ముట్టుకోవాలి. రెండిట్లో ఏది బాగాలేకపోయినా రెండూ పారేయాలి. చేరినప్పుడు ఇది చెప్పారు. ఎందుకో చెప్పలేదు. పని ఒక వరసలో నడవడానికి పెట్టిన నియమం అనుకున్నాను, బస్సులో సీటు నంబర్ల లాగా.

ఆ ట్రేలో మూడు తీగలకు ముల్లు ఉంది. వేరే మూడు సూదులకు అంచు విరిగింది. పద్ధతి ప్రకారం ఆరు జతలు చెత్తలోకి పోవాలి. నాకు మనసొప్పలేదు. మా నాయన టమాటలు పండిస్తాడు. కోత రోజు ఇంటిల్లిపాదీ కుప్ప చుట్టూ కూర్చుని ఏరుతాం. పుచ్చువి అవతలికి, మంచివి డబ్బాలోకి. పుచ్చుకాయ పక్కన ఉన్న పాపానికి మంచికాయను పారేసేవాళ్లు మా ఇళ్లలో ఎవరూ లేరు. నా చేతులకు చిన్నప్పటి నుంచి అదే తెలుసు.

కాబట్టి యాభై తీగలూ లాగేశాను. చెడ్డ తీగలు మూడు తీసేశాను. చెడ్డ సూదులు మూడు తీసేశాను. మిగిలిన నలభై ఏడు మంచి తీగలను నలభై ఏడు మంచి సూదుల్లో, ఏది చేతికొస్తే అది, పెట్టేశాను. ఆరు పోవలసిన చోట మూడే పోయాయి. అక్క అప్పుడు పక్క లైనులో ఉంది. ట్రే కార్డు మీద సంతకం చేసి, గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి ప్యాకింగు గదిలోకి తోశాను. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను కూడా, ఈరోజు పని తృప్తిగా చేశానని.

మర్నాడు క్లాసు. మా కంపెనీ కొత్త రకం సూది తయారు చేస్తోంది. దాన్ని గీసే ఇంజనీరు మేడమ్ కొన్ని నెలల కిందటే వచ్చారు. విజయవాడ వైపు ఆవిడ. అందరినీ "అండీ" అని పిలిచేవారు. అలా పిలిస్తే మా లైను ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసుకునేవారు, ఎవరినబ్బా అని. పరీక్ష చేసేది మీరే కాబట్టి ఈ సూది ఎందుకు ఇలా ఉందో మీకు తెలియాలి అని మమ్మల్ని మీటింగు గదిలో కూర్చోబెట్టారు.

ఆవిడ ఎంబ్రాయిడరీ ఫ్రేముకు పాత వాయిల్ చీర ముక్క బిగించి తెచ్చారు. మా పాత సూది మొన ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది, కత్తిలా. దాన్ని గుచ్చి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి తెర మీద చూపించారు. దారాలు తెగి ఉన్నాయి. తర్వాత కొత్తది గుచ్చారు. దాని మొన చెక్కిన పెన్సిల్‌లా గుండ్రంగా సాగి మూసుకుపోయి ఉంది. తీసేశాక చూస్తే దారాలు పక్కకు జరిగాయి, తెగలేదు.

"లోపలి పొర చీర కాదనుకోండి. ఇది మీకు అర్థం కావడానికే. కానీ ఈ మొనతో తలనొప్పులు తక్కువన్నది డాక్టర్లు చూసిన మాట" అన్నారు.

"మొన మూసుకపోయినంక మందెట్ల పోతది మేడమ్?" అని అక్క అడిగింది.

"మంచి ప్రశ్నండీ. మొనకు కాస్త వెనకాల పక్కన రంధ్రం పెట్టాం."

"పిల్లనగ్రోవి లెక్కనా?"

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, తన కష్టమంతా ఆ రంధ్రంతోనే అన్నారు. పెద్దగా పెడితే గొట్టం అక్కడ బలహీనపడి, ఎముకకు తగిలితే మొన వంగుతుంది. పొడవుగా పెడితే సగం సంచి లోపల, సగం బయట ఉండి మందు వృథాగా పోతుంది, మత్తు సరిగా పట్టదు. చిన్నగా పెడితే నీటిచుక్క ఆలస్యంగా వస్తుంది. ఇంకా చేరలేదనుకుని డాక్టరు మరింత లోపలికి గుచ్చుతారు. మూడు నెలలుగా ఆ రంధ్రాన్ని అటూ ఇటూ జరుపుతున్నానని చెప్పారు. నాకు ఆవిడ మాటలు వింటుంటే మంచి పుస్తకం చదువుతున్నట్టే ఉంది. ఇంత చిన్న రంధ్రం కోసం ఒక మనిషి మూడు నెలలు నిద్ర మానుకోవడం నాకు ఎంతో నచ్చింది.

అప్పుడు అక్కే ఇంకోటి అడిగింది. "మరి తీగ గూడ పాతదాని లెక్కనే జతగ నూరుతరా?"

"లేదండీ, దీనికి అవసరం లేదు. పాత సూదిలో తీగను గొట్టంలో పెట్టి, రెండింటినీ కలిపి ఒకేసారి నూరుతారు కదా. అందుకే రెండు మొనలూ ఒకే ముఖంలా కలిసిపోతాయి. ఏ రెండు జతలూ సరిగ్గా ఒకేలా రావు. ఒకదాని తీగ ఇంకోదాంట్లో పెడితే అంచు దగ్గర చిన్న మెట్టు వస్తుంది."

"వస్తె ఏమైతది?"

"గుచ్చేటప్పుడు పొరను చీరేస్తుంది. లేదా సందులో కండ ముక్క పట్టుకుని లోపలికి పోతుంది. అందుకే కదా మీరు జత మార్చరు."

"మేమెందుకు మారుస్తం మేడమ్, మా చేతులల్ల అంత తీరిక లేదు" అంది అక్క. మళ్లీ అందరూ నవ్వారు.

నా చేతులు ఒళ్లో ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. గోడ గడియారంలో పదకొండు.

ఇప్పుడే లేచి చెప్పు అని నాకు నేను చెప్పుకున్నాను. గదిలో ఇరవై మంది ఉన్నారు. క్లాసు అయ్యాక చెప్పొచ్చు అనుకున్నాను. క్లాసు అయ్యాక మేడమ్ చుట్టూ నలుగురు ఉన్నారు. లోపలికి వెళ్లాక అక్కకు చెప్పొచ్చు అనుకున్నాను. లోపలికి వెళ్లాక, ముందు నిజంగా మెట్టు వస్తుందో లేదో చూద్దాం అనుకున్నాను. రెండు సూదులు తీసుకుని తీగలు మార్చి పెట్టి మైక్రోస్కోపు కింద చూశాను. వచ్చింది. నున్నటి గోరులాంటి ముఖం మీద, పగిలిన గడప అంచులా. మళ్లీ దేని తీగ దానికి పెట్టాను. మెట్టు మాయమైంది.

ఇక అనుమానం లేదు. నలభై ఏడు సూదులు. అక్క నా బల్లకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఒకసారి లేచి వెళ్లాను. ఆమె తల ఎత్తగానే, దూది అయిపోయింది అన్నాను. ఇంకోసారి లేచాను. బాత్రూముకు పోవాలి అన్నాను.

"ఏందే, పొద్దటి సంది కాలు నిలుస్తలేదు. కడుపునొస్తుందా?"

తల ఊపాను.

"చెప్పరాదు మరి! గిట్ల ముడుచుకోని కూసుంటె ఎవలకు తెలుస్తది?" అని, తనే నా ట్రే ఒకటి తీసుకుని చూసి పెట్టింది. టీ విరామంలో వాము నమలమని చేతిలో పోసింది. ఆ వాము నమిలాక ఇక ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. అబద్ధానికి ఆమె మందు ఇచ్చింది, నేను తిన్నాను.

ఆ సాయంత్రానికల్లా నా ట్రే ఇంకా ప్యాకింగు కిటికీ అవతల విడిగానే ఉంది, నా సంతకం ఉన్న కార్డుతో. బయటికి వచ్చేటప్పుడు అద్దంలోంచి చూశాను కూడా. శనివారం మధ్యాహ్నం లాటు మొత్తం, అంటే ఆ వారం సరుకంతా, క్రిములు చంపే ప్లాంటుకు లారీలో పోతుందని బోర్డు మీద రాసి ఉంది. అక్కడి నుంచి దవాఖానలకు. అన్నీ తెలుసు నాకు. బస్సు ఎక్కాను. పుస్తకం తెరిచి ఒకే వాక్యాన్ని శంషాబాద్ దాకా చదివాను. ఎయిర్‌పోర్టు రోడ్డు దాటుతుంటే ఒక విమానం మా బస్సు మీదుగా దిగింది. అద్దాలు అదిరాయి. ఎవరూ తల ఎత్తలేదు, రోజూ ఉండేదే. నేను మాత్రం సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

ఇంట్లో వదిన దవాఖానకు తీసుకుపోయే సంచి సర్దుతోంది. పాత చీర ముక్కలు, బిడ్డకు టోపీ, ఫ్లాస్కు. నన్ను చూసి సంచి పక్కకు తోసింది.

"ఓ పిల్లా, మీ కంపెనీ సూదే గుచ్చుతరా నాకు?"

"ఏమో వదినా. ఏ దవాఖానకు ఏది పోతదో మాకు తెల్వదు."

"గుచ్చితె గుచ్చిన్రు గని, జర మంచిది ఏరి పెట్టు నాకు. ఆడిబిడ్డవైతివి, గంత గూడ జెయ్యవా?"

ఆమె నవ్వింది. నేను బట్టలు మార్చుకోవాలని లోపలికి పోయాను. డైరీ తీశాను. పైన చెప్పిన మూడు వాక్యాలు రాశాను. చల్లగాలి గురించి రాశాను. పడుకుంటే నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున, ఈ పూట ఎవరో ఒకరు కనిపెట్టేస్తారులే అనుకుంటూ వెళ్లాను. అదొక్కటే నా ధైర్యం. ప్యాకింగులో మొన చూడరు, పిడి చూసి అట్టలో పెట్టి అంటిస్తారు అని తెలిసి కూడా అలా అనుకున్నాను. పది గంటలకు అద్దంలోంచి చూస్తే నా ట్రే ఖాళీగా ఉంది. సూదులు అట్టల్లోకి, అట్టలు పెట్టెల్లోకి, మిగతా అందరి సూదులతో కలిసిపోయాయి. కార్డులన్నీ ఒక రబ్బరు బ్యాండులో ఉన్నాయి.

మధ్యాహ్నం క్యాంటీనులో అక్క ఎదురుగా కూర్చున్నాను. కిటికీలోంచి లారీ వెనక్కి వస్తూ కనిపించింది. ఇద్దరు పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఒక పెట్టె. ఇంకొకటి. అక్క తన డబ్బాలోంచి నాకు పచ్చడి వేయబోయింది.

"అక్కా, ఆ లారీ పోవద్దు."

"ఏంది?"

"గురువారం నా ట్రేల తీగలన్నీ కలిపేసిన. జతలు లేవు. మంచివి ఏరి పెట్టిన."

ఆమె చెయ్యి పచ్చడి మీదే ఆగింది. "ఎప్పుడు తెల్సింది నీకు?"

"ఇప్పుడే. అన్నం తింటుంటె యాదికొచ్చింది."

అక్క అన్నం చేత్తోనే లేచి బయటికి పరుగెత్తింది. నేను వెనక పరుగెత్తాను. ఆమె లారీ ముందుకు వెళ్లి బానెట్ మీద చరిచింది. దాని మీద పచ్చడి మరక పడింది.

"ఓ అన్నా! బంద్ జెయ్! దించున్రి, అన్ని దించున్రి!"

"ఏంది అక్కా, గేట్ పాస్ అయింది. మీద పడి కొట్టేటట్టున్నవ్" అన్నాడు డ్రైవరు.

"నీ గేట్ పాస్ చింపి నా చేతికియ్యి. ఆడోళ్ల నడుములకు పోయే సూదులివి. దించు ముందు!"

దించారు. మేడమ్ వచ్చారు. మేనేజరు వచ్చారు. అందరి ముందూ నేను మళ్లీ చెప్పాను, ఎలా ఏరానో. ఎప్పుడు తెలిసిందో మాత్రం అదే చెప్పాను, అన్నం తింటుంటే అని. రెండోసారి అబద్ధం సులువుగా వచ్చింది.

మూడు పెట్టెలు విప్పి కొన్ని అట్టలు చించి చూశారు. మెట్టు ఉన్నవి కొన్ని దొరికాయి. అయితే కొన్ని తీగలు యాదృచ్ఛికంగా వేరే సూదుల్లో సరిపోయినట్టే కనిపిస్తాయి, మైక్రోస్కోపు కింద కూడా గట్టిగా చెప్పలేం అన్నారు మేడమ్. ఏ ట్రేవి ఎక్కడికి పోయాయో తెలిసే దారి లేదు. లాటు మొత్తం పారేయాలని ఆవిడే నిర్ణయించారు. నిన్ననే తెలిసి ఉంటే ఒక్క ట్రేతో పోయేది కదా అని మేనేజరు అన్నారు. ఊరికే అన్నారు, నన్ను ఉద్దేశించి కాదు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది.

సోమవారం అందరినీ నిలబెట్టి మేడమ్ మాట్లాడారు. "తప్పు ఎవరైనా చేస్తారండీ. ఈ అమ్మాయి గుర్తొచ్చిన నిమిషంలోనే వచ్చి చెప్పింది. అందరం ఇలాగే ఉండాలి." చప్పట్లు కొట్టారు. తల దించుకున్నాను. సిగ్గరి కదా, అంతే అనుకున్నారు.

లాటు పోయినందుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. లైను చూసుకునేది అక్క. ట్రే తన కళ్ల ముందు నుంచే పోయిందని, కొత్తవాళ్లకు జత ఎందుకో చెప్పలేదని కాగితం మీద రాసి ఆమెతో సంతకం పెట్టించారు. ఆమెను లైను నుంచి తీసి లేబుళ్లు అంటించే గదిలో వేశారు. నన్ను మాత్రం మేడమ్ తన గదికి రమ్మన్నారు, కొత్త సూది నమూనాలు చూడటానికి. నిజం చెప్పే మనిషి కావాలి నాకు అన్నారు.

ఆ గదిలో నేను పని బాగానే చేశాను. నోటితో చెప్పలేనివి చీటీ మీద రాసి బల్ల మీద పెట్టేదాన్ని. అక్క నేర్పిన దూది మీదే పక్క రంధ్రాన్ని లాగి చూశాను. ముందుకు లాగితే ఏమీ లేదు. వెనక్కి లాగితే దూదిపోగు పట్టింది. రంధ్రం వెనక అంచు పదునుగా ఉందని, సూది బయటికి తీసేటప్పుడు పొరను గీకుతుందేమోనని రాశాను. మేడమ్ చీటీ చదివి, తనే ఆ సూదిని దూది మీద వెనక్కి లాగి చూశారు. తర్వాతి నమూనాలో ఆ అంచును గుండ్రంగా నున్నగా చేయించారు. ఏ తీగ ఏ సూదిలో పెట్టినా సరిపోయేలా కొలతలు ఇంకా బిగించారు.

"మీ ట్రే సంగతి జరిగాక నాకు భయం పట్టుకుందండీ. చూసేవాళ్లు పొరపాటు చేసినా సూది మాత్రం పొరపాటు చేయకూడదు. అలా గీయాలి" అన్నారు. నా పొరపాటు ఆవిడ గీతల్లో పనికొచ్చింది. దాని మీద నాకు సంతోషం కలగాలి. కలిగేలోపే లేబుళ్ల గది గుర్తొచ్చేది. అక్కడ కిటికీ లేదు.

నెల తిరగకుండానే వదినకు ఆపరేషన్ అయ్యింది. ఆడపిల్ల. ఏ సూది వాడారో నర్సును అడగాలని రెండుసార్లు దగ్గరికి వెళ్లి, మంచినీళ్లు ఎక్కడ అని అడిగి వచ్చాను. మూడో రోజు వదినను లేపి కూర్చోబెట్టేటప్పుడు మంచం పక్కనే నిలబడి ఆమె నుదురు చూస్తున్నాను. కళ్లు మూసుకుంటుందేమోనని.

"ఏం జూస్తున్నవే? తలకాయ ఆడనే ఉన్నది, పోలే" అంది వదిన. తలనొప్పి రాలేదు. అమ్మ ఈసారి, చూశావా పోయినసారి నాటకమే అనబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

ఆ తర్వాత కొన్ని వారాలకు అక్క పని మానేసింది. రాజేంద్రనగర్ దగ్గర మొక్కల నర్సరీలో చేరుతున్నానని, చెట్లకు లేబుళ్లుండవని నవ్వింది. చివరి రోజు సాయంత్రం బస్సుల దగ్గర నిలబడ్డాం. తన బస్సు వేరు, నాది వేరు. ఈరోజు చెప్పేయాలి అని పొద్దున నుంచి అనుకున్నాను. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. అక్కా, నాకు శుక్రవారమే తెలుసు. నాలుగు మాటలు. బస్సులో, బల్ల దగ్గర, క్యాంటీనులో, మనసులో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

"అక్కా" అన్నాను.

నేను ఏడుస్తాననుకుంది. నా భుజం మీద చెయ్యి వేసింది. మా బస్సు డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. నేను ఆ మాట ఎలా మొదలు పెట్టాలా అని నేల చూస్తున్నాను.

"లైను పోయిందని నాకేం బాధ లేదే. నా బిడ్డకు రోజు నీ ముచ్చటనే చెప్త, తప్పు తెల్వంగనే దాసకుంట చెప్పింది సూడు, గట్లుండాలె అని. ఇగ ఎక్కు, బస్సు పోతది."